మడ్డి సంగీతం, మొండి మనుషులు

అమెరికాలోని ఒక బురదనేల నగరంలో పెరిగిన ఈ మోటు సంగీతం చెవికి ఇంపు కాదు. దానితో డబ్బు రాదు. అయినా వాయించేవారు ప్రాణం మీదికి వచ్చినా దాన్ని విడిచిపెట్టరు.

"పిన్నీ, ముందు ఇవి చెవుల్లో పెట్టుకో" అంటూ మా అక్క కొడుకు రెండు చిన్న స్పాంజి బిరడాలు నా చేతిలో పెట్టాడు. సంగీతం వినడానికి వెళ్ళి చెవులు మూసుకోవడం నలభై దాటిన నా జీవితంలో అదే మొదటిసారి.

అది బెంగళూరులో ఒక క్లబ్బు. క్లబ్బు అనగానే పేకాట బల్లలూ, తెల్ల దుస్తుల బేరర్లూ కళ్ళ ముందు మెదిలే తరం నాది. ఇక్కడ అవేమీ లేవు. ఇరుకు మెట్లెక్కి వెళితే నల్లరంగు వేసిన ఒక హాలు. రెండు వందల మంది చేరితే ఊపిరాడదు. ఒక మూల మోకాలెత్తు వేదిక. దాని మీద మనిషి ఎత్తు పెట్టెలు, వాటి నెత్తిన ఇంకా పెట్టెలు. వచ్చినవారంతా పాతికేళ్ళవాళ్ళు, నల్ల చొక్కాలవాళ్ళు. పగలు కంప్యూటర్ల ముందు కూర్చునే ఉద్యోగులని మావాడు చెప్పాడు. వాయించబోయే ముగ్గురు కుర్రవాళ్ళకు ఇంకా పెద్దగా పేరు పడలేదు. వాళ్ళే పెట్టెలు మోసుకువచ్చారు, వాళ్ళే తీగలు తగిలించుకున్నారు. మీటలు నొక్కి, చేతులు కట్టుకుని నిలబడ్డారు.

"ఇంకా మొదలుపెట్టరేం?" అని అడిగాను.

"ఆంప్లిఫయర్లు వేడెక్కాలి" అన్నాడు మావాడు.

ఆ మాట వినగానే నాకు మా ఊరు జ్ఞాపకం వచ్చింది. డప్పు వాయించేవారు గడ్డి మంట వేసి డప్పును సెగ చూపేవారు. చర్మం బిగిసి, వేలితో మీటితే 'ఖణేల్' మనే దాకా ఎవరు తొందరపెట్టినా వినేవారు కాదు. ఈ కుర్రవాళ్ళ ధ్వనివర్ధకాల్లో ఉన్నవి పాతకాలపు వాల్వులు. మన ఇళ్ళలో ఒకప్పటి మర్ఫీ రేడియోలో వెలిగినలాంటి గాజు గొట్టాలే. అవి ఎర్రబడాలి. ట్రాన్సిస్టర్లు వచ్చాక లోకమంతా వాటిని మరచిపోయింది. గిటారు వాయించేవారు మాత్రం మరువలేదు. మోతాదుకు మించి భారం మోపినప్పుడు ఆ గాజు గొట్టాలు ధ్వనిని విరిచే తీరు వేరు. అందులో ఒక విధమైన గరుకుదనం, ఒక వెచ్చదనం ఉంటాయి.

తరువాత మొదటి దెబ్బ పడింది. అది చెవికి వినిపించలేదు, పొట్టకు వినిపించింది. రెండో దెబ్బ వెంటనే పడుతుందని ఎదురుచూశాను. పడలేదు. ఇంక పడదేమో అనుకునేంతలో పడింది. ఆ రెంటి నడుమ గిటారు మూలుగుతూనే ఉంది. హాలులోని తలలన్నీ ఒక్కసారి కిందికి వంగి, నెమ్మదిగా పైకి లేచాయి. గంపెడు బరువు నెత్తిన పెట్టుకుని బురదలో నడిచే మనిషి అడుగులా ఉంది ఆ తాళం.

ఇంతకూ నేనక్కడికి ఎందుకు వెళ్ళానో చెప్పలేదు. నేను అనువాదకురాలిని. అమెరికా సంగీతం గురించిన ఒక వ్యాసాన్ని తెలుగు చేస్తూండగా 'స్లడ్జ్' అన్న మాట ఎదురైంది. హెవీ మెటల్ అనే రాక్ సంగీతంలో అదొక శాఖ. నిఘంటువు తెరిస్తే బురద, అడుసు, పంకం అని ఉంది. మూడూ సరిపోలేదు. బురద వాన వెలిస్తే ఆరిపోతుంది. అడుసులో నాట్లు వేస్తారు, పంకంలో పద్మం పూస్తుంది. ఇది అలాంటిది కాదని నా అనుమానం. అది తీర్చుకోవడానికే ఆ రాత్రి వెళ్ళాను. మొదటి పాట సగంలో మాట దొరికింది: మడ్డి. నూనె సీసా అడుగున మిగిలేది, ఇంజను నుంచి తీసి పారబోసేది. నల్లగా, జిగటగా, కాలికి అంటితే వదలనిది.

ఈ మడ్డి సంగీతం పుట్టినింటి పేరు చెప్పమంటే తెలిసినవారు లూసియానా అంటారు. దాని అమ్మమ్మగారిల్లు మాత్రం ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్. 1965లో అక్కడి రేకుల కర్మాగారంలో టోనీ అయోమీ అనే పదిహేడేళ్ళ కుర్రవాడు పనిచేసేవాడు. గిటారు వాయించి బ్రతకాలని నిశ్చయించుకుని ఉద్యోగం మానుకున్నాడు. ఆ ఆఖరి రోజునే యంత్రం అతని కుడిచేతి మధ్యవేలి కొననూ, ఉంగరపు వేలి కొననూ తుంచివేసింది. అతనిది ఎడమచేతి వాటం. కనుక తీగలు నొక్కవలసింది ఆ కుడిచేతి వేళ్ళతోనే.

కర్మాగారంలోని పై మేస్త్రీ అతన్ని పరామర్శించడానికి ఒక గ్రామఫోను రికార్డు పట్టుకుని వచ్చాడు. అది జాంగో రైన్‌హార్ట్ వాయించినది. జాంగో 1928లో జరిగిన అగ్నిప్రమాదంలో ఎడమచేతి రెండు వేళ్ళు పనికిరాకుండా పోయినా, మిగిలినవాటితోనే ఐరోపాలో మేటి గిటారు విద్వాంసుడు అనిపించుకున్నాడు. అది విన్న అయోమీ ఒక ప్లాస్టిక్ సీసాను కరిగించి, తన మొండి వేళ్ళకు తొడుగులు చేసుకున్నాడు, వాటికి తోలు అతికించాడు. బిగువైన తీగలు నొక్కలేక పలుచని తీగలు వేశాడు. తరువాత వాటిని సడలించి శ్రుతి తగ్గించాడు. 1971లో అతని బృందం బ్లాక్ సబ్బాత్ వెలువరించిన మూడవ రికార్డులో శ్రుతి మన హార్మోనియం లెక్కన మూడు మెట్లు దిగింది. తీగ సడలితే నొప్పి తగ్గుతుంది, ధ్వని లోతవుతుంది. రేకుల యంత్రం కొరికిన రెండు వేలికొనల నుంచి ఒక సంగీత సంప్రదాయమంతా మొలిచిందంటే అది అతిశయోక్తి కాదు. ఆ బృందం 2025 జూలై 5న తమ సొంత ఊరిలోనే ఆఖరి కచేరీ చేసింది. దాని గాయకుడు ఓజీ ఆస్బోర్న్ ఆ తరువాత పదిహేడు రోజులకే కన్నుమూశాడు.

అయోమీ తరువాత వచ్చినవారు లోతును ఉంచుకుని వేగం పెంచుకుంటూ పోయారు. 1980ల నాటికి నిమిషానికి రెండు వందల దెబ్బలు దాటే తాళాలు మామూలయ్యాయి. ఎవరు ఎక్కువ వేగంగా వాయిస్తే వారు గొప్ప. ఆ పందెంలో నుంచి బుద్ధిపూర్వకంగా తప్పుకున్నవారిలో ముందువరస కాలిఫోర్నియాకు చెందిన బ్లాక్ ఫ్లాగ్. నిమిషంలో ముగిసే పాటలకు పేరుపడ్డ ఈ బృందం 1984లో ఒక రికార్డు తెచ్చింది. దాని రెండో వైపు తిప్పిన అభిమానులు గ్రామఫోను పాడైందనుకుని ఉంటారు. మూడే పాటలు, ఒక్కొక్కటి ఆరు నిమిషాలకు పైన, అన్నీ ఈడ్చుకుంటూ నడిచేవే. వాయవ్య అమెరికాలో కలప కోతే జీవనాధారమైన ప్రాంతంలో పుట్టిన మెల్విన్స్ బృందం 1987లో తమ మొదటి పెద్ద రికార్డులో ఈ మందగమనాన్ని ఇంకా దట్టం చేసింది. వారి సామాన్లు మోస్తూ వెంట తిరిగిన ఒక అభిమాని తరువాత ప్రపంచ ప్రసిద్ధుడయ్యాడు. అతడే నిర్వాణ బృందానికి చెందిన కర్ట్ కొబేన్.

అసలు కథ అక్కడి నుంచి దక్షిణానికి, మిసిసిపీ నది సముద్రంలో కలిసే చోటికి నడుస్తుంది.

న్యూ ఆర్లీన్స్ నగరంలో చాలా భాగం సముద్రమట్టానికి దిగువన ఉంటుంది. చుట్టూ చిత్తడి నేలలు, కరకట్టలు. ఉక్కపోత మన కోస్తా జిల్లాల ఉక్కపోతకు తీసిపోదు. తవ్వితే నీరు ఊరే నేల కావడంతో చనిపోయినవారిని చాలా చోట్ల భూమిలో కాక, నేల మీద కట్టిన రాతి గూళ్ళలో భద్రపరుస్తారు. జాజ్ సంగీతం పుట్టిన ఊరు అదే. అక్కడి శవయాత్రలు లోకప్రసిద్ధం. శ్మశానానికి వెళ్ళేటప్పుడు బాకాలవారు అడుగు తీసి అడుగు వేస్తూ విషాదగీతం వాయిస్తారు. ఖననం ముగిశాక తిరుగు ప్రయాణంలో అదే బృందం హుషారైన చరణం ఎత్తుకుంటుంది. జనం గొడుగులు ఎగరేస్తూ ఆడతారు.

1980ల చివర ఆ నగరంలో పెరిగిన కొందరు తెల్లజాతి శ్రామిక కుటుంబాల కుర్రవాళ్ళు వాయించినది వింటే నాకు ఒకటే తోస్తుంది: వీళ్ళు శ్మశానానికి వెళ్ళేటప్పటి సంగీతం ఉంచుకున్నారు, తిరిగివచ్చేటప్పటిది వదిలేశారు. ఇది నా ఊహే సుమా. వారెవరూ అలా చెప్పుకోలేదు.

వారిలో ముఖ్యులు 1988లో ఏర్పడిన 'ఐహేట్‌గాడ్' బృందంవారు. పేరు వినగానే ఆస్తికులకు కోపం రావచ్చు. 'నేను దేవుణ్ణి ద్వేషిస్తాను' అన్న వాక్యంలో 'నేను' అన్న మాట తీసి, ఇంగ్లీషులో అదే ఉచ్చారణ గల 'కన్ను' అన్న మాట పెట్టారు. అనువాదకులను ఏడిపించడానికే ఇలాంటి పేర్లు పుడతాయి. మన పురాణాలలో వైరభక్తి అనే మార్గం ఒకటి ఉన్నది గనుక, తెలుగు పాఠకులు ఈ పేరు చూసి మరీ అంత కంగారు పడనక్కరలేదు. గిటారు జిమ్మీ బౌవర్, డ్రమ్స్ జోయీ లకేజ్ అనే ఇద్దరు దీన్ని ప్రారంభించారు. గాయకుడు మైక్ విలియమ్స్. అయితే 'గాయకుడు' అన్నది మర్యాదకు వాడిన మాట. అతడు పాడడు, అరుస్తాడు. గొంతు చీరుకుపోయే దాకా అరుస్తాడు.

వేగంగా వాయించే బృందాలను వినడానికి వచ్చిన శ్రోతల ముందు ఈ నత్తనడక వాయిద్యం సాగించడంలో కొంత కొంటెతనం కూడా ఉంది. వింటున్నవారు విసుక్కుంటే వీరికి ఉత్సాహం. అయితే కొంటెతనం మీద ఒక బృందం ముప్ఫై ఏళ్ళు నిలవదు. ఈ సంగీతంలోని గరుకుదనం వారు బ్రతికిన బ్రతుకులోనిది. పేదరికం, మాదకద్రవ్యాలు, పోలీసులు, ఆసుపత్రులు: పాటల నిండా ఇవే. 1993లో వచ్చిన రెండో రికార్డు ఈ శాఖకు ఒరవడి అయింది. 1996 నాటి మూడోదానికి పెట్టిన పేరు హెరాయిన్ దొరకని వేళ దానికి అలవాటుపడిన శరీరం పడే యాతనను సూచించే వీధి భాషలోని మాట.

ఆ ఊళ్ళో బృందాలు అనేకం, మనుషులు మాత్రం కొద్దిమంది. కిర్క్ విండ్‌స్టీన్ నడిపే క్రోబార్‌లో బౌవర్ డ్రమ్స్ వాయించాడు. వీరిద్దరూ, అప్పటికే పాంటెరా బృందంతో ప్రసిద్ధుడైన ఫిల్ ఆన్సెల్మో, మరి ఇద్దరు కలిసి 'డౌన్' అనే ఇంకో బృందం పెట్టుకున్నారు. 1995లో దాని మొదటి రికార్డుకు ఊరి పొట్టిపేరే పెట్టారు. ఒక వీధిలో ఉన్న నాలుగు వాద్యాలను ఇంటింటికీ అరువు ఇచ్చుకున్నట్టు ఉంటుంది వీరి చరిత్ర. కొంచెం నైరుతిగా హౌమా అనే చిన్న ఊరిలో ఆసిడ్ బాత్ అనే బృందం తలెత్తింది. వీరి సంగీతంలో ఒక విచిత్రమైన మాధుర్యం కూడా ఉండేది. 1997 జనవరిలో తాగి కారు నడిపిన ఒకడు ఢీకొట్టడంతో వారి బేస్ వాద్యకారుడు ఆడీ పిట్రే, అతని తల్లి, తండ్రి మరణించారు. బృందం అక్కడితో ఆగిపోయింది. మిగిలినవారు మళ్ళీ ఆ పేరుతో వేదిక ఎక్కడానికి 2025 దాకా మనసొప్పలేదు.

ఇక 2005. ఆగస్టు 29న కత్రినా తుఫాను తీరం దాటింది. కరకట్టలు తెగాయి. నగరంలో ఇంచుమించు 80 శాతం నీట మునిగింది. వెయ్యిమందికి పైగా చనిపోయారు. దివిసీమ ఉప్పెనను చూసినవారికీ, పెద్దల నోట విన్నవారికీ ఆ దృశ్యాలను వర్ణించనక్కరలేదు. నీటిలో మునిగిన నగరంలో మైక్ విలియమ్స్ ఇల్లు నిప్పంటుకుని కాలిపోయింది. నీళ్ళ మధ్య నిప్పు! అతడు మోర్గన్ సిటీ అనే ఊరికి చేరాడు. అక్కడ మాదకద్రవ్యాల నేరం మీద పోలీసులు పట్టుకున్నారు. ఇల్లు లేదు, ఊరు లేదు, జామీను కట్టే దిక్కు లేదు. కొన్ని నెలలు జైల్లో గడిపాడు. చివరకు ఆదుకున్నది పాత స్నేహితుడు ఆన్సెల్మో. జైలు గోడల మధ్య, మందూ మాకూ లేకుండా, విలియమ్స్ ఒళ్ళు హెరాయిన్‌ను వదిలించుకోవలసి వచ్చింది. బయటికి వచ్చాక బృందం మళ్ళీ కూడింది. చిన్న క్లబ్బులు, వ్యానులో ప్రయాణాలు, రాత్రికొక ఊరు.

ఇలాంటి బృందాల ఆర్థిక స్థితిని మన పాఠకులు సినిమా తారల సంగీత విభావరులతో పోల్చి ఊహించరాదు. సురభి నాటక కుటుంబాలనో, ఊరూరా తిరిగే తోలుబొమ్మలాటవారినో తలచుకుంటే కొంత దగ్గరగా ఉంటుంది. గుమ్మం దగ్గర వసూలైన టిక్కెట్ల డబ్బులో వాటా, వెనక బల్ల మీద పెట్టి అమ్ముకునే చొక్కాలూ రికార్డులూ, ఎవరో ఇచ్చిన పడక. రేడియోలో ఈ పాటలు రావు. వచ్చినా మధ్యలో ఆపేస్తారు.

2013 ఆగస్టులో ఐరోపా పర్యటన ముగించుకుని ఇల్లు చేరారు. కొద్ది రోజులకే, 23వ తేదీన, జోయీ లకేజ్ శ్వాస ఆగి చనిపోయాడు. వయసు 42. పాతికేళ్ళుగా ఆ బృందానికి అడుగు వేసినవాడు అతడు. మందగమన తాళం తేలిక అనుకునేవారు ఒకసారి చప్పట్లతో ప్రయత్నించి చూడవచ్చు. చౌక కాలంలో తాళం నిలపడం ఎంత కష్టమో మన సంగీత విద్యార్థులకు తెలుసు. క్షేత్రయ్య పదాన్ని నిలబెట్టి పాడడానికి ఎంత ఊపిరి కావాలో విద్వాంసులను అడగాలి. దెబ్బకూ దెబ్బకూ మధ్య దూరం పెరిగినకొద్దీ తొందరపడాలన్న కోరిక పెరుగుతుంది. లకేజ్ తొందరపడేవాడు కాదు. కావాలని రవ్వంత వెనకబడేవాడు. వింటున్నవాడు పడిపోతానేమోనని ముందుకు తూలతాడు, అప్పుడు దెబ్బ వచ్చి పట్టుకుంటుంది.

అతడు పోయేనాటికి కొత్త రికార్డు కోసం డ్రమ్స్ భాగం వాయించి ఉంచాడు. మిగిలినవారి ముందు రెండు దారులున్నాయి. కొత్తవాడితో మొదటి నుంచి వాయించుకోవచ్చు. లేదా చనిపోయినవాడి తాళానికి తాము గిటార్లు, గొంతు చేర్చవచ్చు. వారు రెండో దారి పట్టారు. 2014లో విడుదలైన ఆ రికార్డుకు బృందం పేరే పెట్టారు. పద్నాలుగేళ్ళ తరువాత వచ్చిన పూర్తి రికార్డు అది. ఆ గదిలో హెడ్‌ఫోను పెట్టుకుని, పోయిన స్నేహితుడి దెబ్బ కోసం ఎదురుచూస్తూ బౌవర్ గిటారు ఎలా వాయించాడో నేను ఊహించలేను. ఇంగ్లీషు సాహిత్యంలో స్మృతి కావ్యాలు కొన్ని చదువుకున్నాను; వాటిలో ఏ కవికీ ఇలాంటి అవకాశం, ఇలాంటి శిక్ష దక్కలేదు.

పరీక్ష అక్కడితో ముగియలేదు. 2016లో విలియమ్స్ కాలేయం చెడిపోయింది. మార్పిడి తప్ప మార్గం లేదన్నారు వైద్యులు. అమెరికాలో అలాంటి చికిత్స ఖర్చు మాట చెబితే మధ్యతరగతివారే హడలిపోతారు. క్లబ్బుల్లో అరిచి బ్రతికేవాడి సంగతి చెప్పాలా? అతని భార్య విరాళాల కోసం అభిమానులకు విజ్ఞప్తి చేసింది. దేశదేశాల నుంచి చిన్న చిన్న మొత్తాలు వచ్చి పడ్డాయి. ఈ లోగా ఒప్పుకున్న ప్రదర్శనలు ఆగకుండా ల్యాంబ్ ఆఫ్ గాడ్ బృందం గాయకుడు రాండీ బ్లైత్ వచ్చి అతని స్థానంలో నిలబడ్డాడు. వేలమంది ముందు పాడే మనిషి, స్నేహితుడి కోసం చిన్న క్లబ్బులు తిరిగాడు. దేవుణ్ణి ద్వేషిస్తామనే బృందం కోసం అర్రులు చాచి ఎదురుచూసిన వరం డిసెంబరులో వచ్చింది: ముక్కూ మొహం తెలియని ఒక దాత కాలేయం. 2017లో విలియమ్స్ మళ్ళీ మైకు పట్టుకున్నాడు. 2021లో మరో రికార్డు వచ్చింది.

ఇదంతా చదివి, ఇది వినదగిన సంగీతమేనా అని పాఠకులు అడగవచ్చు. నిజం చెప్పాలంటే నేను ఇంటి దగ్గర గ్లాసు కాఫీతో కూర్చుని దీన్ని వినలేను. ప్రయత్నించాను; పక్కింటివారు ఏదో మోటారు కాలిపోతోందేమోనని వచ్చి తలుపు తట్టారు. దీని చోటు క్లబ్బే. అందుకు కారణం కొంత భౌతికశాస్త్రంలోనే ఉంది. గిటారు మందర తీగ మామూలుగా సెకనుకు 82 సార్లు కంపిస్తుంది. వీరు దాన్ని సడలించి 60 దాపులకు, ఒక్కొక్కసారి ఇంకా దిగువకు తెస్తారు. సెకనుకు 55 కంపనాల ధ్వని తరంగం పొడవు ఆరు మీటర్లకు పైన ఉంటుంది. అంటే చిన్న హాలు వెడల్పంత. గదికీ తరంగానికీ కొలత కలిసిన చోట గోడలు, నేల, మన పక్కటెముకలు కూడా వాద్యంలో భాగమవుతాయి. గిటారును ధ్వనిపెట్టె దగ్గరికి తెస్తే దాని ధ్వనికే తీగ మళ్ళీ కంపించి, ఆ కంపనం మళ్ళీ పెట్టెలో పెరిగి కేక పెడుతుంది. ఇతరులు దోషమని తప్పించుకునే ఆ కేకను వీరు లాలించి, పట్టుకుని, సాగదీస్తారు. ఇంట్లో టేపురికార్డరులో గానీ, చేతి ఫోనులో గానీ ఇది పట్టుబడదు.

చెవులకు ప్రమాదం మాట కూడా చెప్పవలసిందే. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో ఇలాంటి వినోదశాలల సగటు ధ్వని 100 డెసిబెల్స్ మించరాదని సూచించింది. ఆ స్థాయిలోనైనా బిరడాలు లేకుండా పావుగంట మించి నిలబడడం మంచిది కాదు. మావాడు ఇచ్చిన స్పాంజి ముక్కల విలువ నాకు ఇంటికి వెళ్ళాకే తెలిసింది. బిరడాలు వద్దన్న వాడి స్నేహితుడికి మరుసటి సాయంత్రం దాకా చెవుల్లో కీచురాళ్ళు మోగుతూనే ఉన్నాయట.

ఈ లూసియానా మడ్డి బెంగళూరుకు ఎలా వచ్చిందన్నది వేరే కథ. 1990ల తొలినాళ్ళ నుంచే ఆ ఊళ్ళో డైయింగ్ ఎంబ్రేస్ వంటి బృందం మందగమన లోహ సంగీతాన్ని వాయించింది. 2007లో ఐరన్ మెయిడెన్, 2011లో మెటాలికా ప్యాలెస్ గ్రౌండ్స్‌లో కచేరీలు చేసినప్పుడు దేశం నలుమూలల నుంచి కుర్రకారు రైళ్ళెక్కి వచ్చారు. హైదరాబాదు నుంచి వెళ్ళినవారూ తక్కువేమీ కాదు. పెద్ద కచేరీలు వచ్చి వెళ్ళిపోతాయి. ఊరికి మిగిలేది చిన్న క్లబ్బులే. 2012లో మొదటి రికార్డు తెచ్చిన ఒక బృందం పేరు నాకు మహా నచ్చింది. 'బెవార్ సీ'. ఇంగ్లీషు అక్షరాల్లో చూస్తే ఏదో సముద్రం పేరులా ఉంటుంది. గట్టిగా పలికితే కన్నడిగులూ తెలుగువారూ కూడా పిల్లలను తిట్టే 'బేవార్సు' బయటపడుతుంది. వారసులు లేనివాడు అని ఆ పారశీక పదానికి అర్థం. 2015లో షెపర్డ్ అనే ముగ్గురి బృందం తెచ్చిన రికార్డు అచ్చంగా మడ్డి జాతికి చెందినది. హైదరాబాదులో గాడ్‌లెస్ వంటివారు ఉన్నారు గాని వారిది వేగమార్గం.

ఆ రాత్రి మేము విన్న కుర్రవాళ్ళు ఐదు పాటలు వాయించారు. మూడో పాటలో గిటారు తీగ ఒకటి తెగింది. గిటారు కుర్రవాడు ఆపలేదు. మిగిలిన తీగలతో వాయిస్తూనే డ్రమ్స్ వైపు తిరిగాడు. డ్రమ్స్ కుర్రవాడు ఒక్క నవ్వు నవ్వి, తాళాన్ని ఇంకా నెమ్మది చేశాడు, అతనికి వేళ్ళు కుదుర్చుకునే వ్యవధి ఇచ్చాడు. ముందు వరసలో ఒక అమ్మాయి కళ్ళు మూసుకుని, రెండు అరచేతులూ ధ్వనిపెట్టెకు ఆనించి నిలబడింది. చలిమంట దగ్గర నిలబడినట్టు.

పాటలోని మాట ఒక్కటీ నాకు అర్థం కాలేదు. తరువాత ఆ గాయకుణ్ణే అడిగాను. చెమట తుడుచుకుంటూ, "మా నాన్నగారు ఆసుపత్రిలో ఉన్నప్పుడు రాసుకున్నదండీ" అన్నాడు. అరిచినప్పటి గొంతుకూ ఈ గొంతుకూ పోలికే లేదు. ఎలా ఉన్నారని అడిగాను. "పోయారండీ, రెండేళ్ళయింది" అని, ఏదో అనవలసినది అన్నట్టు, "మీరు వచ్చినందుకు థాంక్సండీ. పెద్దవాళ్ళెవరూ రారు" అన్నాడు.

పదిన్నరకు హాలు ఖాళీ అయింది. గాజు గొట్టాలు చల్లారే దాకా పెట్టెలు కదపకూడదట. ముగ్గురూ వేదిక అంచున కూర్చుని ప్లాస్టిక్ గ్లాసులలో మంచినీళ్ళు తాగుతూ ఎదురుచూశారు. ఆ తరువాత ఒక్కొక్క పెట్టెనూ ఇద్దరేసి పట్టుకుని, ఆ ఇరుకు మెట్లు దిగడం మొదలుపెట్టారు. మావాడు చొక్కా చేతులు మడుచుకుని ఒక మూల పట్టాడు.

"పిన్నీ, నువ్వు ఆ తీగల సంచీ తీసుకురా" అన్నాడు.